మన శాఖల మీద కాపలా ఎవరిది? 338వ అధికరణం కథ

గత ఏడాది ఆదివాసీ దినోత్సవం నాడు మన సంఘం యువజన సమావేశంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్న తమ్ముడొకడు లేచి ఒక ప్రశ్న అడిగాడు. వాళ్ళ ఊరి పోడు దరఖాస్తుల సంగతి తేల్చమని మూడుసార్లు పై అధికారులకు అర్జీ పెట్టారట. మూడుసార్లూ ఆ అర్జీ "తగు చర్య నిమిత్తం" అన్న ముద్రతో, ఏ ఆఫీసు మీద ఫిర్యాదు చేశారో తిరిగి ఆ ఆఫీసుకే వచ్చిందట. "సార్, దొంగ మీద కేసు దొంగ చేతికే ఇస్తే ఎట్లా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్ళు ఆశ్రమ పాఠశాలల్లో పంతులుగా పనిచేసినవాణ్ణి, ఆ ముద్రను ఎన్ని కాగితాల మీద చూశానో లెక్కలేదు. అయినా ఆ రోజు వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ సంచికలో ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి అడిగినప్పుడు ఆ బాకీ తీర్చుకుందామనుకున్నాను.

మన కోసం పెట్టిన శాఖ మన పని చేస్తోందో లేదో చూడడానికి, ఆ శాఖకు లోబడని మనిషి ఒకడు వేరే ఉండాలి. ఈ ఆలోచన మన రాజ్యాంగంలో మొదటి రోజు నుంచీ ఉంది. 338వ అధికరణం అదే. కానీ ఆ మనిషికి ఏమేం ఇచ్చారు, ఏమేం తీసేశారు అన్న చరిత్ర మన పిల్లలకు ఏ పాఠ్యపుస్తకంలోనూ కనబడదు.

కాపలా మనకు కొత్త సంగతి కాదు. జొన్న కంకి పాలు పోసుకునే వేళకు మంచె కడతాం. మంచె చేను మధ్యలోనే ఉంటుంది. ఊళ్ళో అరుగు మీద కూర్చుని చిలకల్ని తోలడం ఎవరి వల్లా కాదు. ఈ మాట గుర్తుంచుకోండి, 1967 దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

రాజ్యాంగానికి ముందు సంగతి ఒకటి చెప్పాలి. 1940లో జోడేఘాట్ గుట్టల్లో కుమ్రం భీం, ఆయన వెంట నిలిచినవాళ్ళు నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగారు. తగవంతా అటవీ, రెవెన్యూ సిబ్బందితోనే. దున్నుకునే నేల, పశువుల మేత, వంటచెరకు అన్నీ వాళ్ళ దయాదాక్షిణ్యాల మీదికి వచ్చాయి. ఆ ఉద్యోగుల మీద ఫిర్యాదు వినే దిక్కు ఆ రాజ్యంలో లేదు. రక్తం చిందిన తర్వాతే, గోండుల కష్టమేమిటో తెలుసుకోవాలని ప్రభుత్వానికి తోచింది. అప్పటికే చెంచుల్లో, కొండరెడ్లలో తిరిగి వాళ్ళ గురించి రాసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ జిల్లాకు వెళ్ళి, మార్లవాయిలో గోండుల మధ్య ఉండి, భూములు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోతున్నాయో రాసి ఇచ్చాడు. ఆ నివేదికలు 1945లో "ట్రైబల్ హైదరాబాద్" పేరుతో పుస్తకంగా వచ్చాయి. గోండులకు పట్టాలు, గోండి బడులు, 1356 ఫసలీలో, అంటే 1946లో వచ్చిన గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్, వీటన్నిటి వెనక ఆ కాగితాల బలం ఉంది.

అయితే హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా ఉన్న మనిషి. ప్రభుత్వం విన్నన్నాళ్ళు ఆయన మాట సాగింది. ఆయన వెళ్ళిపోయాక ఆ పట్టాలు ఏమయ్యాయని ఏటేటా అడిగే పని ఎవరి మీదా పెట్టలేదు. 1970ల్లో మళ్ళీ ఆదిలాబాద్ వచ్చినప్పుడు, తన కాలంలో ఇప్పించిన భూములే బయటివాళ్ళ చేతుల్లోకి పోతుండడం చూసి, తర్వాతి పుస్తకంలో దాన్ని బాధతో రాసుకున్నాడు. మంచి మనసున్న అధికారి ఒక్కడు వచ్చిపోతే చాలదని మనవాళ్ళకు అప్పటికే తెలిసొచ్చింది.

రాజ్యాంగం అందుకే ఒక పదవినే ఏర్పాటు చేసింది. షెడ్యూల్డు కులాలకు, షెడ్యూల్డు తెగలకు రాష్ట్రపతి ఒక ప్రత్యేకాధికారిని నియమించాలని 338వ అధికరణం చెప్పింది. రాజ్యాంగం మనకిచ్చిన రక్షణలు ఎలా అమలవుతున్నాయో ఆయన విచారించాలి. రాష్ట్రపతికి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికను పార్లమెంటు ఉభయ సభల ముందు పెట్టాలి. ఏ మంత్రీ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకోకుండా అన్నమాట. 1950 నవంబరు 18న ఎల్.ఎం. శ్రీకాంత్ మొదటి కమిషనర్ అయ్యారు. గుజరాత్‌లో భిల్లుల మధ్య సేవ చేసి వచ్చిన మనిషి.

కమిషనర్ ఢిల్లీలో ఉంటే శ్రీకాకుళం కొండల్లో ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? అందుకే దేశం నలుమూలలా 17 ప్రాంతీయ కార్యాలయాలు వచ్చాయి. వాటి సిబ్బంది ఊళ్ళు తిరిగి, హాస్టళ్ళు చూసి, ఖర్చు రాసిన బావి నిజంగా తవ్వారో లేదో చూసి కమిషనర్‌కు రాసేవారు. ఆ పదిహేడు ఆఫీసులే కమిషనర్‌కు మంచెలు.

1967 జూన్‌లో వాటిని పీకేశారు. పీకేశారంటే మూసేశారని కాదు. కమిషనర్ కింద నుంచి తీసి, కేంద్ర సాంఘిక సంక్షేమ శాఖలో కొత్తగా పెట్టిన వెనుకబడిన తరగతుల సంక్షేమ డైరెక్టరేట్ జనరల్ కిందికి మార్చారు. పరిపాలనా సౌకర్యం అన్నారు. మొదటిసారి చదివినప్పుడు నేను కూడా ఇదేదో బదిలీల వ్యవహారం అనుకుని పేజీ తిప్పేశాను. తర్వాత ఆలోచిస్తే గుండె గుభేలుమంది. సంక్షేమ శాఖ పనితీరును తనిఖీ చేసి రాయాల్సిన కళ్ళు ఆ సంక్షేమ శాఖ కిందికే వెళ్ళాయి. పదవి ఉంది. రాజ్యాంగంలో పేరుంది. ఏటా నివేదిక రాయాల్సిన బాధ్యతా ఉంది. చూసి వచ్చి చెప్పే మనిషి మాత్రం లేడు. శాఖ పంపిన అంకెలనే తిరిగి శాఖ గురించి రాయాలి. ఆ రోజుల్లో కమిషనర్‌గా ఉన్నది ఎవరో తెలుసా? నిర్మల్ కుమార్ బోస్. ఎంత పేరున్న మానవశాస్త్రవేత్త! నోవాఖలీ అల్లర్లప్పుడు గాంధీజీ వెంట కాలినడకన తిరిగినవాడు. అంతటివాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి చేను కాయమన్నారు.

ఆ తమ్ముడి అర్జీ మీద పడిన ముద్రకు తాత ఈ 1967 ఉత్తర్వే అని నాకనిపిస్తుంది.

1978లో కేంద్రం ఒక తీర్మానంతో అనేకమంది సభ్యులున్న కమిషన్‌ను పెట్టింది. భోలా పాశ్వాన్ శాస్త్రి దానికి మొదటి అధ్యక్షుడు. అది రాజ్యాంగం ఇచ్చిన పదవి కాదు, ప్రభుత్వం కాగితం మీద పెట్టింది. మరో కాగితంతో మార్చగలిగేది. నిజంగానే 1987లో ఇంకో తీర్మానంతో దాన్ని సలహా సంఘంగా మార్చారు. పక్కనే పాత కమిషనర్ పదవీ ఉంది. ఒకే పొలానికి ఇద్దరు కాపలాదారులు, ఇద్దరికీ చేతిలో వడిసెల లేదు.

ఇక్కడ ఒక మనిషి గురించి ఆగి చెప్పాలి. డాక్టర్ బ్రహ్మదేవ్ శర్మ. బి.డి. శర్మ అంటే మన పెద్దలకు తెలుసు. లెక్కల్లో పరిశోధన చేసి ఐ.ఏ.ఎస్.లో చేరాడు, బస్తర్ కలెక్టరుగా చేశాడు. 1970ల్లో కేంద్రంలో ఉండి గిరిజన ఉప ప్రణాళిక రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించాడు. మీరు రోజూ పలికే ఐటీడీఏ అన్న ఏర్పాటు ఆ ప్రణాళికతో వచ్చిందే. అలాంటి మనిషి 1986లో ఎస్సీ ఎస్టీ కమిషనర్ అయ్యాడు. తాను కట్టడానికి చేయి వేసిన ఇంటిని తానే తనిఖీ చేయాల్సి వచ్చింది. మొహమాటపడలేదు.

ఆయన 1990లో రాష్ట్రపతికి ఇచ్చిన 29వ నివేదిక గురించి ప్రతి గిరిజన విద్యార్థీ వినాలి. మామూలుగా ఇలాంటి నివేదికలు పట్టికలతో నిండి ఉంటాయి: ఎంత మంజూరైంది, ఎంత ఖర్చైంది, ఎంత మిగిలింది. శర్మ వేరే ప్రశ్న అడిగాడు. అడవిలో తరతరాలుగా ఉన్నవాణ్ణి చట్టం ఒక్క గెజెట్ ప్రకటనతో ఆక్రమణదారుణ్ణి చేసింది కదా, తప్పు ఎవరిది? అడవి సర్వే చేసినప్పుడు అక్కడి మనుషుల హక్కులు సరిగ్గా రాసుకోకపోవడం శాఖ లోపమైతే, శిక్ష మనిషికి ఎందుకు? నీళ్ళు, అడవి, నేల మీద సమాజానికున్న హక్కును గుర్తించకుండా ఎన్ని పథకాలిచ్చినా ఫలితం లేదన్నది ఆయన వాదన.

ఆ నివేదిక ఊరికే పోలేదు. అదే ఏడు, 1990 సెప్టెంబరు 18న, కేంద్ర పర్యావరణ అటవీ మంత్రిత్వ శాఖ రాష్ట్రాలకు ఒకేసారి ఆరు సర్క్యులర్లు పంపింది. 1980 అక్టోబరు 25కు ముందు నుంచి ఉన్న సాగును ఎలా పరిష్కరించాలి, భూమిపై తగాదా ఉన్నచోట హక్కులు ఎలా తేల్చాలి, అటవీ గ్రామాలను రెవెన్యూ గ్రామాలుగా ఎలా మార్చాలి అన్నవి వాటిలో ఉన్నాయి. కమిషనర్ సిఫార్సుల మీద చర్చించాక వచ్చిన సర్క్యులర్లివి. కాపలాదారు కేక వేస్తే శాఖ కనీసం తల తిప్పి చూసిందన్నమాట.

తల తిప్పింది గానీ అడుగు వేయలేదు. చాలా రాష్ట్రాల్లో ఆ సర్క్యులర్లు ఫైళ్ళలోనే ఉండిపోయాయి. 2002 మేలో అదే మంత్రిత్వ శాఖ అడవిలోని ఆక్రమణలను తొలగించమని రాష్ట్రాలకు రాసింది. ఆ ఏడు దేశమంతా ఆదివాసీల గుడిసెలు కూలాయి, ఏనుగులతో తొక్కించిన చోట్లూ ఉన్నాయి. అప్పుడు లేచిన ఉద్యమాలు 1990 సర్క్యులర్లను చూపించి "మీరు రాసిందే మీరు అమలు చేయలేదు" అని నిలదీశాయి. ఆ పోరాటాల ఫలితమే 2006 అటవీ హక్కుల చట్టం. చారిత్రక అన్యాయం జరిగిందని ఆ చట్టమే తన పీఠికలో ఒప్పుకుంది. మీ ఇంట్లో ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకున్న పోడు పట్టా ఉంటే, దాని వంశవృక్షంలో అలా ఒక 29వ నివేదిక ఉంది. చట్టం తెచ్చింది నివేదిక కాదు, రోడ్డెక్కిన జనం. కానీ జనం చేతికి ప్రభుత్వ కాగితాన్నే ఆయుధంగా ఇచ్చింది ఆ నివేదిక.

శర్మే ఆఖరి కమిషనర్. 1990లో 65వ సవరణతో 338వ అధికరణాన్ని మార్చి, ఒక్క అధికారి స్థానంలో ఎస్సీ ఎస్టీ జాతీయ కమిషన్‌ను పెట్టారు. 1992 మార్చిలో రాంధన్ అధ్యక్షుడిగా అది ఏర్పడింది. ఈసారి బలమైన అధికారాలు వచ్చాయి. విచారణలో సివిల్ కోర్టుకున్న అధికారాలతో ఎవరినైనా పిలిపించవచ్చు, ప్రమాణం చేయించి అడగవచ్చు, రికార్డులు తెప్పించవచ్చు. మనకు సంబంధించిన పెద్ద విధాన నిర్ణయాలన్నిటిలో కేంద్రం, రాష్ట్రాలు కమిషన్‌ను సంప్రదించాలి. నివేదికను పార్లమెంటు ముందు పెట్టేటప్పుడు ఏ సిఫార్సు మీద ఏం చేశారో, ఏది ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో కూడా ప్రభుత్వం చెప్పాలి. ఈ చివరిది చాలా విలువైనది. కాదనేవాడు కారణం చెప్పాల్సిందే.

అయితే 1996లో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు ఉద్యోగుల సంఘం కేసులో హద్దు గీసింది. సివిల్ కోర్టు అధికారాలు విచారణ నడిపేందుకే తప్ప, స్టే లాంటి ఉత్తర్వులిచ్చే అధికారం కమిషన్‌కు లేదని చెప్పింది. అంటే కమిషన్ అడగగలదు, పిలవగలదు, రాయగలదు. ఆపలేదు. "కమిషన్‌కు రాశాం, రేపటి నుంచి పని ఆగిపోతుంది" అనుకుని నిరాశపడే మన కుర్రాళ్ళకు ఇది ముందే తెలిసి ఉండాలి. ఆపించాలంటే హైకోర్టు గుమ్మం ఎక్కాలి. అక్కడికి వెళ్ళినప్పుడు మాత్రం కమిషన్ రాసిన కాగితం చేతిలో ఉండడం మంచిది.

1999లో కేంద్రంలో గిరిజన వ్యవహారాలకు వేరే మంత్రిత్వ శాఖ వచ్చింది. తర్వాత 89వ సవరణతో, 2004 ఫిబ్రవరి 19 నుంచి, మనకు వేరుగా షెడ్యూల్డు తెగల జాతీయ కమిషన్ ఏర్పడింది. కున్వర్ సింగ్ మొదటి అధ్యక్షుడు. అధికరణం పేరు 338ఏ. పాత అధికారాలన్నీ ఇందులోనూ ఉన్నాయి. వేరు కాపురం పెట్టినప్పుడు ఆస్తి పంపకం కూడా జరిగింది. మనకు వచ్చిన ప్రాంతీయ కార్యాలయాలు ఆరు: భోపాల్, భువనేశ్వర్, జైపూర్, రాయపూర్, రాంచీ, షిల్లాంగ్. తెలుగు నేల మీద ఒక్కటీ లేదు. పదిహేడు మంచెల కాలం గుర్తొస్తోందా?

ఇంకో చిక్కు ఉంది. ఈ కమిషన్‌కు డబ్బు గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ పద్దులోంచే వస్తుంది. సిబ్బంది కావాలన్నా ప్రభుత్వాన్నే అడగాలి. ఎవరిని కాయాలో వాళ్ళ చేతి కూలితో బతికే కాపలాదారుడి గొంతు ఎంత పెద్దగా లేస్తుంది? మనుషుల మీద అనుమానంతో అనడం లేదు. ఏర్పాటే అలా ఉంది. ఈ కమిషన్ పనిచేయడం లేదని, ఏళ్ళ తరబడి నివేదికలే పార్లమెంటుకు రావడం లేదని 2022లో పార్లమెంటు స్థాయీ సంఘమే బాధపడింది.

అయినా గొంతు లేచిన సందర్భాలున్నాయి. మన గోదావరి తీరం సంగతే చూడండి. 2018లో కమిషన్ పోలవరం నిర్వాసితుల దగ్గరికి వచ్చింది. పునరావాస కాలనీలు చూసి, కోయలు, కొండరెడ్లు చెప్పింది విని, గిరిజన నిర్వాసితుల మీద ప్రత్యేక నివేదిక రాసింది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సాగునీటి ప్రాజెక్టులో భూమి పోయిన గిరిజనుడికి పోయినంత భూమి గానీ, రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అంత భూమి ఇవ్వాలి. ఈ మాట మన నిర్వాసిత గ్రామాల్లో ఎంతమందికి తెలుసు?

2022లో కొత్త అటవీ సంరక్షణ నియమాలు వచ్చాయి. గ్రామసభ ఒప్పుకోలు తేలకముందే అటవీ భూమి మళ్ళింపుకు కేంద్రం అనుమతి ఇచ్చే వీలు వాటిలో ఉందని విమర్శలొచ్చాయి. అప్పటి కమిషన్ అధ్యక్షుడు హర్ష్ చౌహాన్ ఆ నియమాలను పక్కన పెట్టమని పర్యావరణ మంత్రికి లేఖ రాశారు. ఆ అభ్యంతరాలు చట్టప్రకారం నిలవవని మంత్రిత్వ శాఖ జవాబిచ్చింది. 2023 జూన్‌లో, పదవీకాలం ఇంకా మిగిలి ఉండగానే, ఆయన రాజీనామా చేశారు. 2024 మార్చిలో అంతర్ సింగ్ ఆర్య వచ్చేదాకా దాదాపు ఎనిమిది నెలలు అధ్యక్షుడి కుర్చీ ఖాళీగా ఉంది. ఆ ఎనిమిది నెలల్లో మన సభల్లో, మన వాట్సాప్ గ్రూపుల్లో దాని గురించి ఎవరైనా ఒక్క మాట అన్నారా? నేనూ అనలేదు. కుర్చీ ఖాళీ అయిందని నాకే ఆలస్యంగా తెలిసింది.

రాష్ట్రాల స్థాయిలోనూ కమిషన్లున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 చట్టంతో ఎస్సీ ఎస్టీ కమిషన్ వచ్చింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ఎస్టీలకు వేరే కమిషన్ పెట్టుకుంది. అయిదో షెడ్యూలు కింద గవర్నరు ఏటా షెడ్యూల్డు ప్రాంతాల పాలన గురించి రాష్ట్రపతికి నివేదిక ఇవ్వాలి. అదీ ఒక కాపలాయే, దాని కథ మరో సంచికలో రాస్తాను.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకు వస్తాను. నిజం చెప్పాలంటే కమిషన్‌కు రాసినా అది మొదట ఆ శాఖనే జవాబు అడుగుతుంది. తేడా ఎక్కడంటే, మామూలు అర్జీ కిందికి జారుతూ పోతుంది. కమిషన్ నోటీసు 338ఏ పేరుతో, గడువు పెట్టి వస్తుంది. జవాబు ఇవ్వకపోతే అధికారిని స్వయంగా పిలిపించే అధికారం వెనక ఉంటుంది. ఆ ముద్ర వేసి చేతులు దులుపుకోవడం అక్కడ అంత తేలిక కాదు. కానీ అర్జీ సరిగ్గా ఉండాలి. సంతకం, పూర్తి చిరునామా లేని ఫిర్యాదు నిలవదు. కోర్టులో నడుస్తున్న విషయాన్ని కమిషన్ తీసుకోదు. "మాకు అన్యాయం జరుగుతోంది" అని నాలుగు పేజీలు రాసేకన్నా, ఏ తేదీన ఏ దరఖాస్తు ఇచ్చాం, ఏ చట్టంలోని ఏ హక్కు అందలేదు, ఎవరు ఏమని జవాబిచ్చారు అని ఒక పేజీ రాసి, కాగితాలు జతచేయడం మేలు.

ఈ సంక్రాంతికి ఆ తమ్ముడు ఊరికి వచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని పాత అర్జీని తిరగరాశాం. మొదట వాడు రాసినదాంట్లో కోపం ఎక్కువ, తేదీలు తక్కువ. మూడుసార్లు దిద్దాం. గ్రామసభ తీర్మానం, హక్కుల కమిటీ రసీదులు, సర్వే నాటి పటం నకలు పెట్టాం. "తగు చర్య నిమిత్తం" ముద్ర పడిన ఆ మూడు కాగితాలనూ వరసగా గుచ్చాం. వాటిని పెట్టడం ఎందుకని వాడు అడిగాడు. అసలు ఫిర్యాదు అవే కదా అన్నాను. మర్నాడు పొద్దున్నే మండల కేంద్రానికి వెళ్ళి రిజిస్టరు పోస్టు చేశాడు. రసీదు వాడి దగ్గరుంది, దాని జిరాక్సు నా డైరీలో ఉంది.